ఆ ‘ఒక్క నిమిషం’ ఖరీదెంత?

“ఒక్క నిమిషం ఇలా రా, మళ్లీ వెళ్లి చేసుకుందువుగాని.”

ఈ మాట వినని ఆడమనిషి మన ఇళ్లల్లో ఉందంటే నేను నమ్మను. వంట చేస్తున్నప్పుడు, కుట్టుమిషను ముందు కూర్చున్నప్పుడు, చదువుకుంటున్నప్పుడు, చివరికి అన్నం తింటున్నప్పుడు కూడా ఈ ఒక్క నిమిషం మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. లేచి వెళతాం. తిరిగొస్తాం. ఎక్కడ వదిలామో అక్కడ అందుకుంటాం. అదొక పెద్ద విషయమని మన అమ్మలూ అనుకోలేదు, మనమూ అనుకోలేదు.

కానీ ఇప్పుడు మన అమ్మాయిలు, కోడళ్లు చేస్తున్న ఉద్యోగాల్లో ఈ ఒక్క నిమిషానికి ఎవరూ ఊహించనంత ఖరీదు పడుతోంది. ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో! 2020లో కరోనా లాక్‌డౌన్‌తో ఆఫీసు కాస్తా ఇంటికొచ్చి కూర్చుంది. కొందరి విషయంలో మళ్లీ ఆఫీసుకే వెళ్లిపోయింది. కొందరికి వారంలో రెండు మూడు రోజులు ఇంట్లోనే ఉండిపోయింది. భీమవరంలోనో, కరీంనగర్‌లోనో డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఎక్కడో దేశంకాని దేశంలో ఉన్న బ్యాంకుకు పనిచేసే అమ్మాయి ఇవాళ వింత కాదు. ఆ అమ్మాయి చేసే పనేమిటో మాత్రం ఇంట్లో చాలామందికి తెలియదు. “పొద్దస్తమానం ఆ పెట్టె ముందే కూర్చుంటుంది” అంటారు. అంతే.

కూర్చుని ఏం చేస్తుంది? ఒక ఉదాహరణ చెప్పుకుందాం.

కరెంటు బిల్లు ఫోన్లో కడుతున్నాం కదా. ఒక్కోసారి డబ్బు ఖాతాలోంచి పోతుంది, బిల్లు కట్టినట్టు మాత్రం రాదు. కంగారుపడి మళ్లీ నొక్కుతాం. రెండుసార్లు డబ్బు పోతుంది. తర్వాత ఎప్పుడో తిరిగొస్తుంది. అలా తిరిగిరావడంలో ఏదో తేడా జరుగుతోంది, కొందరికి రెండు రెట్లు వెనక్కి వెళుతోంది, ఎందుకో కనిపెట్టమని మన అమ్మాయికి అప్పగించారనుకోండి. ఆమె తల్లో ఏం నడుస్తుందో చూడండి. బ్యాంకు ముందు ఒప్పుకుందా? ఒప్పుకున్న జవాబు దారిలో పోయిందా? ఈలోగా మనిషి రెండోసారి నొక్కిందా? నొక్కితే దాన్ని కొత్తదిగా లెక్కేసిందా, పాతదే అనుకుందా? రాత్రి పన్నెండు దాటి తేదీ మారితే ఏమవుతుంది? ఈ అయిదారు ప్రశ్నలూ ఒకదానిమీద ఒకటి నిలబెట్టుకుంటూ వెళ్లాలి. పేకమేడ కట్టినట్టు. పైముక్క పెట్టబోతూ ఉంటుంది, అప్పుడు...

“అమ్మాయ్, గ్యాస్ అబ్బాయొచ్చాడు. నీ ఫోనుకేదో నంబరొచ్చిందిట, చెప్పమంటున్నాడు.”

నంబరు చెబుతుంది. అబ్బాయి వెళ్లిపోతాడు. అత్తగారి లెక్కలో నిమిషం కూడా కాలేదు. పేకమేడ మాత్రం కూలిపోయింది.

ఇందులో అత్తగారి తప్పేముంది చెప్పండి! ఆవిడకు కనిపించింది కుర్చీలో కదలకుండా కూర్చున్న కోడలు. చేతులు కూడా ఆడటం లేదు, తెరవంక చూస్తోంది, ఆలోచిస్తోంది. ఆలోచన పైకి పనిలా కనబడదు. కత్తిపీట ముందు కూర్చున్న మనిషిని లేపేటప్పుడు “పనిలో ఉన్నావా?” అని అడిగినట్టు, ఆలోచిస్తున్న మనిషిని ఎవరూ అడగరు.

వంటా, ముగ్గూ, ప్రోగ్రామూ

“మేము మాత్రం చేయలేదా? ఒక పొయ్యి మీద పాలు, ఇంకోదాని మీద కుక్కరు, చంకలో పిల్ల, గుమ్మంలో కూరలమ్మి... అన్నీ ఒక్క చేత్తో నడపలేదా?” అని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నిజంగానే నడిపారు. కానీ ఒక తేడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

వంట తనెక్కడ ఉందో తనే చెబుతుంది. కుక్కరు కూత పెడుతుంది. పాలు పొంగుతాయి. పోపు మాడితే వీధి చివరిదాకా వాసనొస్తుంది. తిరిగొచ్చి గిన్నెలోకి చూస్తే చాలు, ఎంతవరకూ వచ్చిందో తెలిసిపోతుంది. సగం వేసిన ముగ్గయినా అంతే. చుక్కలు నేలమీదే ఉంటాయి, ఏ గీత దాకా వచ్చామో కళ్లకు కనబడుతుంది. ప్రోగ్రాము అలా కాదు. దాని చుక్కలన్నీ రాసే మనిషి తల్లోనే ఉంటాయి. లేచి వెళ్లి వచ్చాక తెర మీద ఉన్నవి మునుపటి అక్షరాలే, కానీ వాటిని దేనికి చూస్తున్నామో గుర్తు ఉండదు. కూత పెట్టి చెప్పే కుక్కరు అక్కడ లేదు!

ఇది నా ఊహ కాదు. అమెరికాలో క్రిస్ పార్నిన్, స్పెన్సర్ రుగాబర్ అనే పరిశోధకులు 80 మందికి పైగా ప్రోగ్రామర్లు పనిచేసిన పదివేల విడతలను కంప్యూటర్ రికార్డుల్లోంచి తీసి పరిశీలించారు. విరామం తర్వాత వచ్చి కూర్చున్న నిమిషం లోపు మళ్లీ ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టింది పదింట ఒక్క విడతలోనే. మిగతా తొమ్మిదింటిలో ముందు అటూ ఇటూ వెతుక్కోవడమే. ఇది ఎక్కడ ఉంది, అది ఎందుకు మార్చాను, నిన్న ఏం అనుకున్నాను... మనం వంటింట్లోకి వెళ్లి ‘దేనికొచ్చాను చెప్మా’ అని నిలబడిపోతామే, అదే!

అంతకు చాలా ముందే, 1987లో, టామ్ డిమార్కో, టిమోతీ లిస్టర్ కలిసి రాసిన ‘పీపుల్‌వేర్’ అనే పుస్తకంలో ఈ సంగతి గట్టిగా చెప్పారు. ఇలాంటి పనిలో మనసు లీనం కావడానికి పదిహేను నిమిషాలో అంతకన్నా ఎక్కువో పడుతుందని వాళ్ల లెక్క. వాళ్లు ప్రోగ్రామర్లకు పోటీలు పెట్టి, అందరికీ ఒకే పని ఇచ్చి, ఎవరి ఆఫీసులో వాళ్లను చేయమన్నారు. ‘మిమ్మల్ని జనం అనవసరంగా మధ్యలో లేపుతుంటారా?’ అని అడిగితే, బాగా చేసిన పాతిక శాతం మందిలో అవునన్నది 38 శాతం. వెనకబడిన పాతిక శాతం మందిలో 76 శాతం! తెలివి తక్కువై వెనకబడ్డారా, లేపేవాళ్లు ఎక్కువై వెనకబడ్డారా? ఒక్క లెక్కతో తేల్చలేం గానీ, రెండో మాట అనుకోకుండా మొదటిమాటే అనేయడం ఎంత అన్యాయం!

పదిహేను నిమిషాల లెక్కతోనే చూద్దాం. రోజుకు ఎనిమిదిసార్లు ఒక్కొక్క నిమిషం లేచారనుకోండి. పోయింది ఎనిమిది నిమిషాలు కాదు, రెండు గంటలకు పైనే. ఆ రెండు గంటలూ రాత్రి పదకొండు తర్వాత, అందరూ పడుకున్నాక, మళ్లీ లాప్‌టాప్ తెరిచి పూడ్చుకుంటుంది అమ్మాయి. మర్నాడు “రాత్రి ఎందుకంతసేపు మేలుకున్నావు, ఆరోగ్యం పాడవదా?” అని ఆమెకే చివాట్లు.

పని అయిపోయిందిగా, ఇంకేం?

ఇక్కడ ఒక చిత్రమైన విషయం చెప్పాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ అనే ఆవిడ ఈ అంతరాయాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తోంది. 2005లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఆవిడ బృందం 24 మంది ఉద్యోగుల పక్కనే ఉండి, గడియారం చూస్తూ రాసుకుంది. సగానికి పైగా పనులు మధ్యలో తెగిపోయాయి. తెగినవాటిలో నాలుగింట మూడు వంతుల పైచిలుకు అదే రోజు మళ్లీ అందుకున్నారు. అయితే అందుకునే లోపల సగటున 25 నిమిషాలు గడిచాయి, మధ్యలో రెండుకు పైగా వేరే పనులు దూరాయి. మిగిలిన నాలుగోవంతు ఆ రోజుకు అంతే సంగతులు. గడువుకు పూర్తికాని పనులు ఎక్కడినుంచి పుడతాయో తెలిసిందిగా!

అదే ఆవిడ 2008లో ఇంకో సంగతి బయటపెట్టింది. మధ్యమధ్యలో లేపుతుంటే మనుషులు పని మానేయరు, ఇంకా గబగబా చేసేస్తారు. ఆ ప్రయోగంలో ఇచ్చిన చిన్న పనిని తక్కువ టైములోనే ముగించారు, నాణ్యతా తగ్గలేదు. కానీ ఒత్తిడి, చిరాకు, టైము చాలదన్న ఆదుర్దా, పడిన శ్రమ... అన్నీ పెరిగాయి.

ఇది చదివినప్పుడు నాకు మన ఆడవాళ్లే కళ్లముందు కదిలారు. ‘ఎన్నిసార్లు లేపినా చేసేస్తుంది కదా’ అనేది మన ఇళ్లలో పెద్ద మెచ్చుకోలు. ఎలా చేసేస్తోందో, దేన్ని ఖర్చుపెట్టి చేసేస్తోందో ఎవరూ అడగరు. పని పూర్తయింది కనుక ఖర్చు లేదనుకోవడం కిరాణా కొట్టు అప్పులాంటిది. సరుకు ఇంటికొచ్చింది కదా అని సంతోషిస్తాం, చిట్టా మాత్రం కొట్లో పెరుగుతూనే ఉంటుంది.

సగంలో ఆగిన పనికి ఇంకో గుణం ఉంది. 1928లోనే బెర్లిన్‌లో మరియా ఓవ్‌సియాంకినా అనే పరిశోధకురాలు చూపించింది... మధ్యలో ఆపించిన పనిని ఎవరూ చెప్పకపోయినా మనుషులు తమంతట తామే మళ్లీ అందుకోబోతారని. ఉల్లిపాయలు తరిగిన చేతిని కడుక్కున్నా వాసన వదలదు చూడండి, అలా పాత పని కొత్త పనిలోకి వెంటబడి వస్తుంది. పిల్లాడికి హోంవర్కు చెబుతూ అమ్మాయి పరధ్యానంగా ఉందంటే ఆమెకు పిల్లాడి మీద ప్రేమ తక్కువై కాదు. పగలు అయిదుసార్లు తెగిన పని ఇంకా చేతికి వాసన కొడుతోంది.

నరసాపురం లేసు గుర్తుందా?

ఈ విషయం ఆలోచించినప్పుడల్లా నాకు నరసాపురం లేసు గుర్తొస్తుంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ క్రోషా అల్లిక గోదావరి జిల్లా ఆడవాళ్ల చేతుల్లో పెరిగి విదేశాలకు ఎగుమతి అయింది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ఊళ్లు తిరిగి, 1982లో ఒక పుస్తకమే రాసింది. ఇంటిచాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవాళ్లు ఆ ఆడవాళ్లు. అయినా వాళ్లను ఎవరూ కార్మికులు అనలేదు. ‘ఇంట్లో ఉండే ఆడవాళ్లు, తీరిక వేళ అల్లుకుంటారు’ అన్నారు. తీరిక వేళ పని కనుక కూలీ కూడా తీరిగ్గానే ఇచ్చారు!

లేసుకు ఒక సౌకర్యం ఉంది. సూదిని దారంలో అలాగే ఉంచి లేవొచ్చు. తిరిగొచ్చి ఆ కుట్టు దగ్గరే అందుకోవచ్చు. పిల్ల ఏడ్చినా, పాలవాడొచ్చినా అల్లిక ఎక్కడికీ పోదు. ఆడవాళ్లకు సరిపోయే పని అనేమాట బహుశా అక్కడినుంచే వచ్చి ఉంటుంది. ఎన్నిసార్లయినా లేపడానికి వీలైన పని అని దాని అర్థం.

ఇవాళ ‘ఇంటినుంచి పని’ అనే సౌకర్యాన్ని ఆడపిల్లలకు ఇదే పద్ధతిలో చూపిస్తున్నారేమోనని నా భయం. “ఇంట్లోనే ఉంటావుగా, పిల్లల్నీ చూసుకోవచ్చు, వంటా చేసుకోవచ్చు, ఉద్యోగమూ చేసుకోవచ్చు” అంటారు. వినడానికి ఎంత బావుందో! కానీ ఇది లేసు కాదు. సూది దారంలో ఉంచి లేచే పని కాదు. లేసులా చేయమని, ఇంజనీరులా ముగించమని అడిగితే ఆ అమ్మాయి ఏమైపోవాలి?

జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. (‘చేసే’ అన్నమాట గమనించండి, చేయనివాళ్లు ఈ సగటులో లేనే లేరు.) ఆ 289 నిమిషాలూ ఒక్కచోట ఉంటే ఫర్వాలేదు. పొద్దున్న రెండున్నర గంటలు, సాయంత్రం రెండున్నర గంటలు అని కట్టి పెట్టెయ్యొచ్చు. కానీ మన ఇంటిపని అలా రాదే! అయిదు నిమిషాలు, మూడు నిమిషాలు, పది నిమిషాలుగా రోజంతా చిల్లరగా వస్తుంది. నోటు పారేసుకున్న మనిషి వెతుక్కుంటుంది. చిల్లర జారిపోతుంటే ఎవరూ చూసుకోరు.

దీని ఫలితం ఆఫీసులో ఎలా కనబడుతుంది? ఏడాది చివర్న పనితీరు లెక్కగట్టేటప్పుడు. ‘మంచి అమ్మాయే, కాస్త నెమ్మది’ అని ఒక మాట. ‘కొత్త ప్రాజెక్టు బరువు ఆమె మీద ఎందుకులెండి’ అని ఇంకో మాట. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అనరు, అందుకే అది ఎదిరించడం ఇంకా కష్టం. ప్రోగ్రాము రాసే పని నుంచి మీటింగులు ఏర్పాటు చేసే పనికి, లెక్కలు పంపే పనికి మెల్లగా పక్కకు జరుపుతారు. రెండేళ్లు పోతే ‘మీకు ఈమధ్య కోడింగ్ అనుభవం లేదుగా’ అంటారు.

ఆఫీసు మాత్రం తక్కువదా?

అన్నీ ఇంటి నెత్తినే వేయడం అన్యాయం. ఆఫీసు తక్కువ తినలేదు. గంటకు పదిసార్లు టింగుమనే చాటింగు, ‘క్విక్ కాల్ ఒకటి’ అని మేనేజరు, ముగ్గురికి అవసరమైన మీటింగుకు పద్నాలుగు మందిని పిలవడం, పొద్దున్న ఒకటీ అమెరికా వాళ్ల టైముకు రాత్రి ఒకటీ. మగవాళ్లకూ ఈ బాధ ఉంది, కాదనను. తేడా ఏమిటంటే వాళ్లలో చాలామందికి ఇవి ఒక వైపు నుంచే వస్తాయి.

మనంతట మనమే లేచే సంగతి కూడా ఉందండోయ్. ఎవరూ పిలవకుండానే ఫోను తీసి వాట్సాప్ చూడటం, చీరల వీడియో ఒకటి చూసి ఇంకోటి చూడటం. పరిశోధనల్లో తేలిందేమిటంటే, పని తెగడంలో దగ్గరదగ్గర సగం మనం మనకు చేసుకునేదే. లేపి లేపి అలవాటైన మనసు, ఎవరూ లేపకపోయినా తనే లేస్తుందేమో!

అయితే అంతరాయాలన్నీ చెడ్డవని కూడా నేననను. కొత్తగా చేరిన పిల్ల ఒక చిన్న సందేహం దగ్గర ఆగిపోయిందనుకోండి. పక్కసీటు సీనియరు పది నిమిషాలు లేచి చెబితే దాటిపోతుంది. ‘నన్ను కదిలించకండి’ అని బోర్డు పెట్టుకుంటే ఆ పిల్ల రెండు రోజులు అక్కడే ఏడుస్తూ కూర్చుంటుంది. చంటిపిల్లాడు ఏడిస్తే ఏ ప్రోగ్రామూ ముఖ్యం కాదు. నేనడిగేది ఒక్కటే. అవసరమైనదేదో, కానిదేదో నిర్ణయించే హక్కు పనిచేసే మనిషికి కూడా కాస్త ఉండొద్దా?

ప్రాణాల మీదికొచ్చే చోట లోకం ఈ సంగతి ఎప్పుడో ఒప్పుకుంది. అమెరికాలో 1981 నుంచి విమానం పదివేల అడుగుల లోపు ఎగిరే కీలక సమయంలో పైలట్లు పనికి సంబంధం లేని మాట మాట్లాడకూడదని నియమం పెట్టారు. ఆస్ట్రేలియాలో మందులిచ్చే నర్సులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మధ్యలో ఎవరైనా కదిలించిన ఒక్కొక్కసారికీ పొరపాట్లు సుమారు 12 శాతం చొప్పున పెరిగాయని తేలింది. మన ఆస్పత్రుల్లో, మందుల ట్రాలీ తోసుకెళుతున్న సిస్టరును అటూ ఇటూ ఎంతమంది పిలుస్తారో చూశారుగా!

ప్రోగ్రామర్ల కోసం కూడా ఒక ప్రయోగం జరిగింది. బల్లమీద ఒక చిన్న దీపం. మనిషి పనిలో మునిగి ఉంటే ఎర్రగా, ఖాళీగా ఉంటే పచ్చగా వెలుగుతుంది. 12 దేశాల్లో 449 మంది దగ్గర పెట్టి చూస్తే అంతరాయాలు 46 శాతం తగ్గాయని 2017లో ప్రకటించారు. దీపంలో మహత్యమేమీ లేదు. ఆలోచన పైకి కనబడదన్నాను కదా, కనబడేట్టు చేసింది, అంతే. మన ఇంట్లో దానికి యంత్రం అక్కర్లేదు. కుర్చీ వెనక ఎర్ర తువ్వాలు వేసి ఉంటే అమ్మను పిలవకూడదని చెబితే ఆరేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. తువ్వాలు రోజంతా ఉంచితే మాత్రం ఎవరూ లెక్కచేయరు. పొద్దున్న రెండు గంటలు చాలు. ఆ రెండు గంటలూ గుమ్మం, ఫోను, గ్యాస్, కొరియరు ఎవరు చూసుకోవాలో ముందే అనుకోవాలి. గ్యాస్ కనెక్షన్‌కు ఇచ్చిన నంబరు మామగారిదో ఆయనదో చేస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. రెండు గదుల ఇంట్లో తలుపున్న గది ఎవరికి, డైనింగ్ టేబుల్ ఎవరికి అన్న ప్రశ్న కూడా ఒకసారి పైకి అడగండి. చాలా ఇళ్లలో అది ఎవరూ అడక్కుండానే నిర్ణయమైపోయి ఉంటుంది.

లేవక తప్పనప్పుడు, లేచేముందు అర నిమిషం ఆగి ‘తర్వాత చేయాల్సింది ఇదీ’ అని ఒక్క ముక్క కాగితం మీద రాసుకుంటే తిరిగొచ్చాక వెతుకులాట తగ్గుతుంది. కొందరు ప్రోగ్రామర్లు కావాలనే ఒక తప్పు లైను రాసి వదిలి వెళతారట. తిరిగొచ్చేసరికి కంప్యూటరే ‘ఇక్కడ తప్పుంది’ అని ఆ చోటు చూపిస్తుంది. మన బామ్మలు మర్చిపోకుండా కొంగుకు ముడి వేసుకునేవారు కదా, ఇది ఆ ముడే!

కానీ ముళ్లన్నీ ఆడవాళ్లే వేసుకోవాలా అన్నది నా గొడవ. పదిమంది పనిచేసే జట్టుకు మధ్యాహ్నం దాకా మీటింగులు పెట్టకుండా ఉండటం మేనేజరు చేతిలో ఉంది. ఒక అమ్మాయి చేతిలో ఒకేసారి నాలుగు పనులు పెట్టి, నాలుగూ ఎందుకు సగంలో ఉన్నాయని అడగడం మానడమూ ఆయన చేతిలోనే ఉంది. ఈసారి ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు జీతం, సెలవులు, క్యాబు అడిగాక ఇంకోటి కూడా అడగండి: మీ జట్టులో పొద్దున్న పదినుంచి ఒంటిగంట దాకా ఎన్ని మీటింగులుంటాయి? జవాబు చెప్పడానికి వాళ్లు ఎంతసేపు ఆలోచిస్తారో చూడండి.